ఫార్మాట్ కొట్టే ముందు

నెలలో ఇరవయ్యో తారీఖు వచ్చిందంటే ఆ ఇంట్లో వంట పొద్దున్నే అయిపోతుంది. రెండు పూటలకీ సరిపడా వండేసి మూతలు పెట్టేస్తారావిడ. తెనాలి గంగానమ్మపేటలో చిన్న డాబా ఇల్లు. వెనక గదిలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, గోడ పొడుగునా ఫైళ్లు. బోసు రోడ్డులోని బట్టల కొట్లు, మందుల షాపులు, ఒక శానిటరీ సామాన్ల కొట్టు, ఊరి చివర ఒక పప్పు మిల్లు... మొత్తం పంతొమ్మిది వ్యాపారాల జీఎస్టీ లెక్కలు ఆ గదిలోంచే వెళ్తాయి. పేటలో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. ‘అకౌంట్స్ మేడం’ అంటేనే తెలుస్తుంది. పేరు వేయొద్దని ఆవిడే అడిగారు కాబట్టి మనమూ మేడం అనే అందాం.

వ్యాపారం చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం ఒక్క మాట. నెలనెలా రిటర్ను వేసేవాళ్లు జీఎస్టీఆర్-3బి అనేదాన్ని మర్నెల 20లోగా వేసెయ్యాలి. దాటితే రోజుకి 50 రూపాయల ఆలస్య రుసుము, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ. ఆ డబ్బు లెక్కలోది కాదు. ‘మీకు అప్పజెప్పినా ఫైన్ పడిందేంటి మేడం’ అనే మాట ఒక్కసారి పడితే, ఆ మాట బోసు రోడ్డు ఈ చివర్నించి ఆ చివరికి వెళ్లడానికి ఒక పూట చాలు.

కార్తీకమాసం. తారీఖు ఇరవై. అప్పటికి పన్నెండు రిటర్నులు వెళ్లిపోయాయి. ఏడు మిగిలాయి. పది గంటలకి గేటు చప్పుడైంది.

“అక్కా, కొత్త లైను వేయడానికొచ్చాం.”

కేబుల్ ఆపరేటరు దగ్గర పనిచేసే కుర్రాడు. భుజాన తీగ చుట్ట, చేతిలో తెల్లటి డబ్బా.

“ఇవాళా? ఇవాళ ఇరవయ్యో తారీఖు నాయనా. రేపు రాకూడదూ?”

“రేపు పక్క వీధి అక్కా. పాత లైను ఇవాళ్టితో ఆపేస్తున్నారు. ఎంత, అరగంట పని.”

అరగంట అన్నది గంటయింది. గోడకి బెజ్జం, సన్నటి ఫైబర్ తీగ, తెల్ల డబ్బా, దాని అడుగున వైఫై పాస్‌వర్డు అంటించిన కాగితం. ఆవిడ భర్త, విశ్రాంత రైల్వే ఉద్యోగి, తన ఫోను తెచ్చి చూపించారు. కుర్రాడు పాస్‌వర్డు కొట్టి స్పీడు చూపించాడు. ముల్లు గిర్రున తిరిగింది. పెద్దాయన ముఖం వెలిగింది. తర్వాత డబ్బాలోంచి ఒక పసుపు తీగ లాగి కంప్యూటరు వెనకాల గుచ్చాడు. అక్కడ చిన్న పచ్చ దీపం మిణుకుమిణుకుమంది.

“లైటు వచ్చిందిగా అక్కా. ఇంకంతే.”

సంతకం తీసుకుని వెళ్లిపోయాడు. ఈ కథలో తప్పు జరిగిందంటే ఇక్కడే జరిగింది. కంప్యూటర్లో ఒక్క పేజీ కూడా తెరిచి చూడలేదు, చూపించమని ఎవరూ అడగలేదు. పచ్చ దీపం వెలిగితే తీగ బాగుందని అర్థం. అంతకు మించి దానికేమీ తెలియదు.

మధ్యాహ్నం దాకా మేడం టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో పనిచేసుకున్నారు. దానికి నెట్టుతో అవసరం లేదు. నాలుగింటికి మిగిలినవాటిలో మొదటి రిటర్ను వేద్దామని జీఎస్టీ పోర్టల్ తెరిచారు. తెరుచుకోలేదు. ఆవిడ ఆశ్చర్యపోలేదు కూడా. ఇరవయ్యో తారీఖు సాయంత్రం ఆ సైటు నత్తనడక నడవడం ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ అలవాటే. కాఫీ పెట్టుకుని తాగొచ్చారు. మళ్లీ కొట్టారు. లేదు. అనుమానమొచ్చి గూగుల్ కొట్టారు. అదీ లేదు. తెర కింద కుడి మూల బొమ్మ మీద బాణం పెడితే ‘అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్, నో ఇంటర్నెట్’ అని వచ్చింది.

ముందు గదిలో పెద్దాయన ఫోన్లో కార్తీక పురాణం ప్రవచనం ఎక్కడా ఆగకుండా నడుస్తోంది.

కుర్రాడికి ఫోను చేశారు. “లైను బ్రహ్మాండంగా ఉందక్కా, ఇక్కణ్ణించే కనపడుతోంది. ఫోన్లలో వస్తోందిగా? మీ సిస్టంలోనే ఏదో ఉంది, ఎవరికైనా చూపించండి.”

మాట కాస్త దురుసుగా వినపడింది గానీ నిజమే చెప్పాడు.

*

కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు ఆరింటికి వచ్చాడు. మారీసుపేటలో చిన్న షాపు. కష్టపడి పనిచేస్తాడని పేరు. పసుపు తీగ పీకి మళ్లీ పెట్టాడు. తెల్ల డబ్బా ఆపి మళ్లీ వేశాడు. తన సంచిలోని ఇంకో తీగ పెట్టి చూశాడు. పచ్చ దీపం వెలుగుతూనే ఉంది, నెట్టు రావడం లేదు.

“బోర్డు మీద ల్యాన్ పోర్టు పోయినట్టుంది మేడం. కార్డు వేస్తే సరిపోతుంది. కానీ ఇప్పుడు స్టాకు లేదు, రేపు విజయవాడ నించి తెప్పించాలి.”

“రేపటిదాకా ఆగేదైతే నిన్నెందుకు పిలుస్తాను బాబూ?”

“అయితే ఒక్కటే దారి. విండోస్ పాడై ఉంటుంది. ఫార్మాట్ కొడదాం. గంటన్నర. ఎనిమిదింటికల్లా మీ చేతిలో పెడతా.”

“నా టాలీ డేటా?”

“సి డ్రైవ్ ఒక్కటే కొడతా మేడం. డి డ్రైవ్ జోలికి పోను. మీ ఫైళ్లన్నీ భద్రంగా ఉంటాయి.”

ఆవిడ గోడ గడియారం వంక చూశారు. ఆరున్నర. అర్ధరాత్రి వరకూ టైముంది గానీ ఓటీపీలు చెప్పాల్సిన షావుకార్లు అర్ధరాత్రి దాకా మేలుకుని ఉండరు. పంతొమ్మిది వ్యాపారాల వోచర్లు, బిల్లులు, ఏళ్ల తరబడి లెక్కలు. పెన్‌డ్రైవ్‌లో ఆఖరి బ్యాకప్ ఆగస్టుది.

“కానివ్వు,” అన్నారు.

కుర్రాడు తన పెన్‌డ్రైవ్ గుచ్చి కంప్యూటరు మళ్లీ ఆన్ చేశాడు. నీలం రంగు తెర వచ్చింది. విండోస్ ఎక్కడ వేయాలి అని అడుగుతూ డ్రైవుల పట్టీ చూపించింది. సి డ్రైవ్ ఉన్న వరస మీద నొక్కాడు. కింద ‘ఫార్మాట్’ అన్న మాట వెలిగింది.

అప్పుడు మోగింది ఫోను.

ఆదివారం వనభోజనాలకి ఎవరెవరొస్తున్నారో కనుక్కుందామని హైదరాబాదు నించి అక్క కూతురు చేసిన ఫోను. ఆ అమ్మాయి గచ్చిబౌలిలో ఒక కంపెనీలో నెట్‌వర్కులు కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం చేస్తోంది. ఈ పేటలో ఆ సంగతి ఎవరికీ పెద్దగా పట్టదు. ‘సాఫ్ట్‌వేర్’ అనుకుంటారు, అంతే.

“పిన్నీ, గొంతు అలా ఉందేంటి?”

మేడం గబగబా చెప్పేశారు. కొత్త లైను, పచ్చ దీపం, నెట్టు లేదు, ఫార్మాట్ కొడుతున్నారు, తర్వాత చేస్తా.

“ఆగు ఆగు ఆగు. ఫార్మాట్ వద్దను. ఆయన చెయ్యి తీసెయ్యమను. ఫోను స్పీకర్లో పెట్టు.”

*

“అన్నా, నమస్తే. ఏమనుకోవద్దు, పది నిమిషాలివ్వండి. ఆ పెన్‌డ్రైవ్ తీసి మామూలుగా ఆన్ చేస్తారా?”

కుర్రాడికి ఇష్టం లేదు. తన పని మధ్యలో ఫోను మీద సలహాలిచ్చేవాళ్లంటే ఏ మెకానిక్కుకీ ఇష్టముండదు. అయినా తీశాడు. విండోస్ వచ్చింది.

“ముందు టాలీ డేటా ఎక్కడుందో చూడండి.”

తెరిచి చూశాడు. సి డ్రైవ్. అందులో యూజర్స్, అందులో పబ్లిక్, అందులో టాలీప్రైమ్, అందులో డేటా. టాలీప్రైమ్ వేసేటప్పుడు మనం వేరే చోటు చెప్పకపోతే అది మామూలుగా ఎంచుకునే చోటు అదే. డి డ్రైవ్‌లో ఉన్నవి పెళ్లి ఫొటోలూ పాత సినిమా పాటలూ.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కుర్రాడు పెన్‌డ్రైవ్ సంచిలో పడేసి జిప్పు లాగేశాడు.

“పిన్నీ, నీ ఫోను యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకి పెట్టి టెథరింగ్ ఆన్ చెయ్యి.”

చేశారు. పది సెకన్లలో తెర మూల బొమ్మ మారింది. గూగుల్ వచ్చింది! మేడం పోర్టల్ కొట్టారు. ఆ వెనక గదిలో ఫోను సిగ్నలు ఎప్పుడూ ఒకటో రెండో గీతలే. లాగిన్ పేజీ సగం వచ్చి ఆగిపోయింది. పని జరగలేదు గానీ ఒక సంగతి తేలిపోయింది.

“చూశారా అన్నా, విండోస్ బానే ఉంది, బ్రౌజరు బానే ఉంది. ఫోను దారిలో నెట్టు వస్తోంది, పసుపు తీగ దారిలో రావడం లేదు. ఇప్పుడు టెథరింగ్ తీసేసి, కమాండ్ ప్రాంప్ట్ నల్ల తెర తెరిచి ఐపీకాన్ఫిగ్, ఖాళీ, గీత, ఆల్ అని కొట్టండి.”

వరసలు వరసలుగా అక్షరాలు జారాయి.

“ఈథర్‌నెట్ అన్నచోట డీహెచ్‌సీపీ ఎనేబుల్డ్ అని ఉంటుంది. ఎదురుగా ఏముంది?”

“నో అని ఉంది.”

“ఐపీవీ4 అడ్రస్?”

“192.168.10.57.”

“గేట్‌వే?”

“192.168.10.1.”

“బాబాయ్ ఫోన్లో వైఫై వివరాల్లో చూడండి. అక్కడెంత?”

పెద్దాయన కళ్లజోడు సర్దుకుని చదివారు. “192.168.1.4 తల్లీ. గేట్‌వే అని 192.168.1.1.”

“అదీ సంగతి. పిన్నీ, పాత లైను పెట్టినప్పుడు నీకేవో నంబర్లు ఇచ్చారా? కాగితం మీద గానీ...”

మేడం ఒక్క క్షణం ఆలోచించి సీపీయూ డబ్బాని పక్కకి తిప్పారు. గోడ వైపు ఉన్న రేకు మీద నల్ల మార్కరుతో నాలుగు వరసలు. మొదటి వరస చివర 57. 2012లో కంప్యూటరు కొన్న వారానికి కేబుల్ ఆఫీసు నించి వచ్చిన మనిషి, ‘ఫార్మాట్ చేస్తే ఇవి మళ్లీ కొట్టాలండీ’ అంటూ రాసిపెట్టి వెళ్లాడు. తర్వాత విండోస్ 7 కాస్తా 10 అయింది. పాతదాని మీదే కొత్తది ఎక్కించారు కాబట్టి ఆ నంబర్లు చెక్కుచెదరలేదు.

*

ఇక్కడ ఫోను సంభాషణ కాసేపు ఆపి ఆ నాలుగు వరసల సంగతి చెప్పుకోవాలి.

ఫైబర్ రాకముందు మన ఊళ్లలో చాలామంది కేబుల్ ఆపరేటర్లు ఇంటర్నెట్ ఇచ్చిన పద్ధతి సాదాసీదాగా ఉండేది. ఒకచోట పెద్ద లైను తీసుకుని, స్తంభాల మీదా డాబాల మీదా చిన్న చిన్న స్విచ్చి పెట్టెలు పెట్టి, వాటి నించి ఇంటింటికీ నీలం తీగ లాగేవాళ్లు. పేటంతా కలిపి ఒకే ఆఫీసు గదిలా ఉండేదన్నమాట. ఎవరు డబ్బు కట్టారు, ఎవరు కట్టలేదు అని తెలియాలంటే ఒక్కో ఇంటికి ఒక్కో నంబరు ఉండాలి. 57 కట్టలేదా, 57ని ఆపెయ్. అందుకని మనిషిని పంపి ప్రతి కంప్యూటర్లోనూ నాలుగు సంగతులు చేత్తో కొట్టించేవాళ్లు: ఈ యంత్రం నంబరు, సబ్‌నెట్ మాస్క్, బయటి లోకానికి దారి చూపే గేట్‌వే, పేర్లని నంబర్లుగా మార్చే డీఎన్‌ఎస్. దీన్నే స్టాటిక్ ఐపీ అంటారు. డబ్బు కట్టని గడుగ్గాయిలు కొందరు పక్కింటి నంబరు తమ కంప్యూటర్లో కొట్టుకునేవాళ్లు. అప్పుడు పక్కింటివాళ్ల తెర మీద అడ్రస్ తగాదా ఉందంటూ హెచ్చరిక వచ్చేది. ఆ రోజుల్లో నెట్టు వాడినవాళ్లకి గుర్తుండే ఉంటుంది.

డైనమిక్ పద్ధతి వేరు. అక్కడ కంప్యూటరుకి సొంత నంబరంటూ ఉండదు. సత్రానికి చేరిన యాత్రికుడికి గుమస్తా రిజిస్టరు చూసి ఖాళీ గది ఇచ్చినట్టు, తీగ పెట్టగానే రూటరు ఒక నంబరు ఇస్తుంది. కంప్యూటరు ముందు ‘ఎవరైనా ఉన్నారా’ అని కేకేస్తుంది. అప్పటికి దానికి నంబరు లేదు కాబట్టి పంపేవాడి చోట 0.0.0.0 అనీ, ఎవరికి చెప్పాలో తెలియదు కాబట్టి అందుకునేవాడి చోట 255.255.255.255 అనీ ఉంటుంది. అంటే ఆ తీగ మీద ఉన్న అందరికీ అని. ‘ఫలానా నంబరు ఖాళీగా ఉంది, కావాలా’ అంటుంది రూటరు. ‘ఇవ్వండి’ అంటుంది కంప్యూటరు. ‘ఇచ్చాను, ఇంతసేపు నీది, గేట్‌వే ఇది, డీఎన్‌ఎస్ ఇది’ అంటుంది రూటరు. నాలుగు మాటల్లో, కంటికి కనపడనంత వేగంగా అయిపోతుంది. గడువు సగమయ్యేసరికి కంప్యూటరే వెళ్లి పొడిగించమని అడుగుతుంది.

ఈ పద్ధతి పేరే డీహెచ్‌సీపీ. అమెరికాలో పెన్సిల్వేనియాలోని బక్నెల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన రాల్ఫ్ డ్రోమ్స్ పేరు మీద 1993 అక్టోబరులో దీని నియమావళి మొదటిసారి వెలువడింది. ఇప్పుడు వాడుకలో ఉన్న నియమావళి 1997 మార్చిది. అంతకు ముందు 1985లో వచ్చిన బూట్‌పీ అనే పద్ధతి ఉండేది గానీ, దాంట్లో ఏ యంత్రానికి ఏ నంబరో మనిషి ముందే పట్టీ రాసి పెట్టాలి. ఆ పట్టీ రాసే పని తప్పించడమే డ్రోమ్స్ బృందం చేసిన మేలు. ఇవాళ మీరు ఏ చుట్టాల ఇంటికెళ్లినా పాస్‌వర్డు ఒక్కటి అడిగి కొట్టుకుంటున్నారంటే, మిగతా నంబర్లన్నీ ఎవరూ చెప్పకుండానే మీ ఫోనుకి అందుతున్నాయంటే, ఆ పుణ్యం దీనిదే.

ఇంకోటి కూడా ఉంది. ఈ ఐపీవీ4 నంబర్లు మొత్తం 429 కోట్ల చిల్లరే. 1981లో వీటి నియమావళి ఖరారైనప్పుడు అవి లోకానికంతా చాలుతాయనుకున్నారు. 2011 ఫిబ్రవరి 3న కేంద్ర నిల్వలో ఉన్న ఆఖరి కట్టలు కూడా పంచేశారు. అయినా మన ఇళ్లలో నంబర్లకి కరువు రాలేదు. కారణం, 192.168తో మొదలయ్యేవాటిలాంటి కొన్నిటిని ఇంటి లోపలి వాడకానికని 1994లోనే పక్కన పెట్టారు. మేడం గారింట్లో 192.168.1.4 ఉంటుంది, మీ ఇంట్లోనూ ఉంటుంది. ఒకదానితో ఒకదానికి పని లేదు. (కంపెనీలు నెలకి కాస్త అదనంగా తీసుకుని అమ్మే స్టాటిక్ ఐపీ బయటి ప్రపంచానికి కనపడే నంబరు. మన కథలోది ఇంటి లోపలిది. రెండూ కలిపేసుకోకండి.)

ఇప్పుడు 57 కష్టమేమిటో చూడండి. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అంటే మొదటి మూడు అంకెలూ కలిస్తేనే ఒకే గూటివాళ్లని లెక్క. కొత్త డబ్బా గూడు 192.168.1. కంప్యూటరు మాత్రం తనది 192.168.10 అనుకుంటోంది. వెతుకుతున్న గేట్‌వే ఆ ఉదయమే స్తంభం మీంచి దిగిపోయింది. పక్కనే మూరెడు దూరంలో కొత్త డబ్బా నంబరు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నా కంప్యూటరు అడగదు. అడగొద్దని 2012లో చెప్పారు దానికి.

*

“అన్నా, విండోస్ గుర్తున్న మీటా, ఆర్ అక్షరం కలిపి నొక్కండి. ఎన్, సి, పి, ఏ, చుక్క, సి, పి, ఎల్. ఎంటర్.”

అడాప్టర్ల కిటికీ వచ్చింది. ఈథర్‌నెట్ మీద కుడి నొక్కు, ప్రాపర్టీస్. ఆ పట్టీలో ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4, దాని మీద మళ్లీ ప్రాపర్టీస్. ఆ నాలుగు నంబర్లూ డబ్బా మీద రాసినవి రాసినట్టు కనపడ్డాయి.

“మార్చే ముందు ఫోనుతో ఫొటో తీసుకోండి. ఎప్పుడైనా వెనక్కి రావాల్సొస్తే పనికొస్తుంది.”

కుర్రాడు ఫొటో తీశాడు. ఇప్పుడతని గొంతులో విసుగు లేదు. “మేడం, ఇక్కడ 10 బదులు 1 కొట్టేస్తే చాలదా? నంబరు అదే ఉంచుదాం, 192.168.1.57.”

మంచి ప్రశ్న. అమ్మాయి కూడా మెచ్చుకుంది. “పనిచేస్తుంది అన్నా, ఇవాళ్టికి. కానీ ఆ 57 మనం తీసుకున్నట్టు రూటరుకి తెలియదు. రేపెప్పుడో ఇంటికొచ్చిన చుట్టాల ఫోనుకి అదే ఇచ్చేస్తుంది, రెండూ కొట్టుకుంటాయి. ఇంకో రెండేళ్లకి డబ్బా మారిస్తే మళ్లీ ఈ ఇరవయ్యో తారీఖే. సీసీ కెమెరా పెట్టెకో వైఫై ప్రింటరుకో ఖాయంగా ఒకే నంబరు కావాలంటే రూటర్లోనే ఆ యంత్రం పేరు మీద రిజర్వు చేయొచ్చు. ఈ కంప్యూటరుకి అదేం అక్కర్లేదు. పైన మొదటి గుండ్రం నొక్కండి, అబ్‌టెయిన్ యాన్ ఐపీ అడ్రస్ ఆటోమేటికల్లీ.”

నొక్కాడు. నంబర్లు మసకబారి మాయమయ్యాయి. ఓకే. బయటి కిటికీ కూడా మూశాడు. నల్ల తెరలో మళ్లీ ఐపీకాన్ఫిగ్. 192.168.1.6. తెర మూల బొమ్మ మారింది.

“వచ్చేసింది!” అన్నారు పెద్దాయన గుమ్మంలోంచి.

మేడం పోర్టల్ కొట్టారు. రాలేదు. గూగుల్ కొట్టారు. రాలేదు.

ఏడుంబావు. మేడం కుర్చీలో వెనక్కి వాలిపోయారు. అటువైపు నించి అమ్మాయి మాత్రం నవ్వుతోంది.

“కింద రెండో గుండ్రం సంగతి చెప్పడం మర్చిపోలేదులే, అది ఎలా ఉందో చూద్దామని ఆగాను. అన్నా, పింగ్ 8.8.8.8 కొట్టండి.”

జవాబులు టకటకా నాలుగు వరసలొచ్చాయి. అంటే దారి తెరుచుకుంది. నంబరు చెబితే వెళ్తోంది, పేరు చెబితే వెళ్లడం లేదు. మళ్లీ అదే కిటికీకి వెళ్లి చూస్తే కింది సగంలో డీఎన్‌ఎస్ ఇంకా చేత్తో కొట్టిన పాత నంబరు మీదే ఉంది. పైదాన్ని ఆటోమేటిక్ చేసినంత మాత్రాన కిందిది తనంతట తాను మారదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి, ఇది కూడా పనిచేయలేదని మళ్లీ ఫార్మాట్ దగ్గరికి వెళ్లిపోతారు.

రెండో గుండ్రం కూడా ఆటోమేటికల్లీ మీదికి మారింది. ఓకే, క్లోజ్. ఐపీకాన్ఫిగ్, ఖాళీ, గీత, ఫ్లష్‌డీఎన్‌ఎస్ అని ఒకసారి కొట్టించింది, పాత జవాబులేమైనా మిగిలుంటే తుడిచెయ్యడానికి.

జీఎస్టీ పోర్టల్ తెరుచుకుంది. నెమ్మదిగానే తెరుచుకుంది. ఈసారి ఆ నెమ్మది నిజంగా ఇరవయ్యో తారీఖు నెమ్మదే.

ఆ తర్వాత రెండు గంటలు ఆ గదిలో వినపడిన మాటలు ఒకటే తీరు. “అండీ, ఓటీపీ వచ్చిందా? ఆరంకెలు... చెప్పండి... ఆ, అయిపోయింది.” తెర మీద ఏఆర్‌ఎన్ నంబరు పడగానే ప్రింటు తీసి ఫైల్లో పెట్టడం. పప్పు మిల్లు షావుకారు భోజనానికి కూర్చున్నారు, చెయ్యి కడుక్కొచ్చి చెప్పారు. ఏడోది, మందుల షాపుది, పది కాకముందే వెళ్లిపోయింది.

*

నాకు ఈ కథ విన్నాక బాగా పట్టుకున్న సంగతి వేరే ఉంది. ఆ సాయంత్రం ఫోను మోగకపోయి ఉంటే ఏం జరిగేది? ఫార్మాట్ అయ్యేది. కొత్తగా వేసిన విండోస్ డీహెచ్‌సీపీతోనే మొదలవుతుంది కాబట్టి, పసుపు తీగ పెట్టగానే నెట్టు వచ్చేసేది! ‘చూశారా మేడం, విండోసే పాడైంది’ అనేవాడు మెకానిక్కు, మనస్ఫూర్తిగా నమ్మి. పోనీ ల్యాన్ కార్డు దొరికి ఉంటే? ఆ నాలుగు నంబర్లూ పాత పోర్టుకి కట్టుబడి ఉంటాయి. కొత్త కార్డు కొత్తగా మొదలవుతుంది. దాంతోనూ నెట్టు వచ్చేసేది. ‘పోర్టు పోయింది మేడం’ అనేవాడు. రెండు తప్పుడు మందులూ పనిచేసేవే. అందుకే ఇన్నేళ్లుగా ఊరూరా ఇవే వాడుతున్నారు. మందు పనిచేసింది కాబట్టి రోగం పేరు కూడా సరైనదే అనుకోవడం మనందరికీ ఉన్న అలవాటు.

ఇందులో మోసగాళ్లెవరూ లేరు. లైను కుర్రాడి పని గోడ దాకా, డబ్బా దాకా. మెకానిక్కు పని కంప్యూటరు డబ్బా లోపల. ఆ రెంటినీ కలిపే నాలుగు అంకెలు ఎవరి పనీ కాకుండా పోయాయి. వాటిని కొట్టినవాడు ఏనాడో ఆ ఉద్యోగం మానేశాడు. నన్నడిగితే తప్పు ఎక్కువగా లైను మార్చేవాళ్లది. పాత లైనులో నంబర్లు చేత్తో కొట్టించింది వాళ్లే అయినప్పుడు, కొత్త లైను వేసే రోజున వాటిని తీసెయ్యడం కూడా వాళ్లే చేయాలి. రెండు గుండ్రాలు నొక్కడానికి రెండు నిమిషాలు పట్టదు.

మీ ఇంట్లో కూడా ఈ మధ్య లైనో రూటరో మారి, ఫోన్లలో నెట్టు వస్తూ కంప్యూటర్లో మాత్రం రాకపోతే, ముందు ఐపీకాన్ఫిగ్ ఆల్ కొట్టి డీహెచ్‌సీపీ ఎదురుగా ‘నో’ ఉందేమో చూడండి. విండోస్ 11లో అయితే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఈథర్‌నెట్ లోపల ఐపీ అసైన్‌మెంట్ అని ఉంటుంది. ఎడిట్ నొక్కి ఆటోమేటిక్ చేయండి. దాని కిందే డీఎన్‌ఎస్‌ది వేరుగా ఉంటుంది, దాన్నీ చేయండి. డీహెచ్‌సీపీ ఎదురుగా ‘యెస్’ ఉండి, నంబరు 169.254తో మొదలైతే అది వేరే రోగం. కంప్యూటరు అడుగుతోంది, రూటరు నించి జవాబు అందడం లేదు. అప్పుడు తీగనీ రూటరునీ చూడాలి. ఆఫీసు నెట్‌వర్కులో ఉన్న యంత్రమైతే మీరు చెయ్యి పెట్టకండి, అక్కడ నంబరు చేత్తో ఇవ్వడానికి కారణం ఉండొచ్చు. ఏది మార్చినా ముందు ఫొటో తీసుకోండి. ఇవన్నీ చూడకుండా ఎవరైనా ఫార్మాట్ అంటే, మీ డేటా ఏ డ్రైవ్‌లో ఉందో కళ్లారా చూసేదాకా ఒప్పుకోకండి.

మేడం ఇప్పుడు టాలీ బ్యాకప్ వారం వారం తీస్తున్నారు. మారీసుపేట కుర్రాడు ఆ పేటల్లో కొత్త లైను వేయించుకున్న ఇళ్ల నించి పిలుపొస్తే వెళ్లగానే ఎన్‌సీపీఏ చుక్క సీపీఎల్ కొడుతున్నాడు. చాలా ఇళ్లలో పని అక్కడితోనే అయిపోతోందట. విజిటింగ్ ఛార్జి రెండు వందలు మాత్రం అలాగే తీసుకుంటున్నాడు.